జర్మనీ బ్లూ కార్డ్: ప్రభుత్వానికి ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి, ఎవరికి కట్టాలి

జర్మనీలో జాబ్ వచ్చింది, కాంట్రాక్ట్ మెయిల్‌లో వచ్చేసింది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. మర్నాటి నుంచి ఒకటే ప్రశ్న: మొత్తం ఎంతవుతుంది? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నలుగురిని అడిగితే నాలుగు రకాల అంకెలు చెప్తారు, వాటిలో లక్షలు కూడా ఉంటాయి. అసలు జర్మన్ ప్రభుత్వం తీసుకునేది మాత్రం చిన్న మొత్తమే. ఇండియాలో వీసాకి 75 యూరోలు, అక్కడ దిగాక బ్లూ కార్డ్‌కి, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్‌కి, 100 యూరోలు. యూరోని వంద రూపాయలుగా వేసుకుంటే రెండూ కలిపి పదిహేడున్నర వేలు. కొందరికి డిగ్రీ పరిశీలన కోసం ఇంకో 208 యూరోలు అవుతాయి, అందరికీ కాదు.

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ వీసా, కార్డ్ ఫీజులు ఆఫీసర్ ఇష్టప్రకారం ఉండవు, ఊరిని బట్టి మారవు. జర్మనీ రెసిడెన్స్ ఆర్డినెన్స్‌లో, అంటే ఆఫెంట్‌హాల్ట్స్‌ఫెరోర్డ్‌నుంగ్ అనే కేంద్ర నిబంధనల్లో, 44 నుంచి 50 వరకు ఉన్న సెక్షన్లలో ఒక్కో పనికి ఎంతో అంకెతో సహా రాసి పెట్టారు. బెర్లిన్‌లో అయినా, మ్యూనిక్‌లో అయినా, మీరు పేరు కూడా వినని చిన్న ఊళ్లో అయినా బ్లూ కార్డ్ మొదటిసారి తీసుకుంటే 100 యూరోలే. జర్మన్ కేంద్ర చట్టాలు దాదాపు అన్నీ 'గెజెట్సె ఇమ్ ఇంటర్నెట్' అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుని సెక్షన్ 45 ఒక్కటి చదివినా చాలు, ఇక ఎవరు ఏ అంకె చెప్పినా మీరు కంగారు పడరు. డబ్బు కట్టే ముందు అక్కడ ఒకసారి చూసుకోండి, చట్టం మారితే ఆ పేజీ కూడా మారుతుంది.

ముందు డిగ్రీ సంగతి తేల్చుకోండి

నిజంగా డబ్బు మిగిలేదీ, అనవసరంగా పోయేదీ ఈ దశలోనే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

బ్లూ కార్డ్‌కి మీ డిగ్రీ జర్మన్ డిగ్రీతో సమానమని చూపించాలి. దీనికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది పూర్తిగా ఉచితం: అనాబిన్ అనే డేటాబేస్. అందులో మీ యూనివర్సిటీ పేరు వెతకాలి, పక్కన హెచ్ ప్లస్ అని ఉండాలి. తర్వాత మీ డిగ్రీని, అంటే బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ లేదా మాస్టర్ ఆఫ్ సైన్స్ లాంటిది, విడిగా వెతకాలి, దాని పక్కన 'ఎంట్‌ష్ప్రిష్ట్' లేదా 'గ్లైష్‌వెర్టిగ్' అని ఉండాలి. రెండూ ఉంటే రెండు పేజీలూ పీడీఎఫ్‌గా సేవ్ చేసి వీసా అప్లికేషన్‌కి జతచేయండి. పని అయిపోయింది, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మన వాళ్లు ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. కాలేజీ పేరుతో వెతికి, దొరకలేదని టెన్షన్ పడి, వెంటనే 208 యూరోలు కట్టేస్తారు. మీరు చదివింది గుంటూరులోనో వరంగల్‌లోనో ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అయినా, సర్టిఫికెట్ మీద పైన ఏ యూనివర్సిటీ పేరు ఉందో చూడండి. జేఎన్‌టీయూ అయినా, ఉస్మానియా అయినా, ఆంధ్రా యూనివర్సిటీ అయినా, డిగ్రీ ఇచ్చింది ఎవరో ముందు ఆ పేరుతో వెతకాలి. స్పెల్లింగ్ కూడా రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి, ఊరి పేరుతో కూడా వెతకండి. అటానమస్ కాలేజీ అయినా, డీమ్డ్ యూనివర్సిటీ అయినా సర్టిఫికెట్ మీద ఉన్న పేరే లెక్క.

అక్కడ దొరకకపోతే, లేదా హెచ్ ప్లస్ కాకుండా వేరే గుర్తు ఉంటే, అప్పుడు రెండో దారి. జడ్ ఏ బీ (ZAB) అనే సంస్థ ఉంది, బాన్‌లో ఉంటుంది. వాళ్లు మీ డిగ్రీని విడిగా పరిశీలించి స్టేట్‌మెంట్ ఇస్తారు. దీనికి 208 యూరోలు, అదే మనిషికి ఇంకో డిగ్రీకి కూడా కావాలంటే దానికి తక్కువే. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, డబ్బు నేరుగా వాళ్ల అకౌంట్‌కే వెళ్తుంది, మధ్యలో మనిషి అవసరమే లేదు. బీటెక్, ఎంటెక్ రెండూ ఉన్నవాళ్లు రెండింటికీ చేయించాల్సిన పని లేదు, ఉద్యోగానికి సరిపోయే డిగ్రీ ఒక్కటి చాలు.

ఐటీ వాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. 2023 నవంబర్‌లో వచ్చిన మార్పుల తర్వాత, గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ పని చేసిన అనుభవం ఉంటే, డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డ్ ఇస్తారు. అంటే డిగ్రీ అనాబిన్‌లో సరిగ్గా కనిపించని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లతోనే వెళ్లొచ్చు. మీ పాత కంపెనీలు ఇచ్చిన లెటర్లలో ఏం పని చేశారో వివరంగా లేకపోతే ఇప్పుడే అడిగి రాయించుకోండి, ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ మాత్రమే ఉన్న లెటర్‌తో పని జరగదు.

జీతం సంగతి కూడా ఒక్క మాట. 2026లో బ్లూ కార్డ్‌కి ఏడాదికి కనీసం 50,700 యూరోల జీతం ఉండాలి. ఐటీ, ఇంజనీరింగ్, డాక్టర్ల లాంటి కొరత ఉన్న ఉద్యోగాలకీ, చదువు అయిపోయి మూడేళ్లు దాటని వాళ్లకీ 45,934 యూరోల 20 సెంట్లు. ఈ తక్కువ జీతం దారిలో వెళ్లేవాళ్ల ఫైల్‌ని జర్మన్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ చూసి ఒప్పుకోవాలి. అది ఆఫీసుల మధ్య జరిగే పని, దానికి ఫీజు లేదు. 'లేబర్ అప్రూవల్ చార్జ్' అని ఎవరైనా అడిగితే కట్టకండి.

వీసా దశలో కట్టేది

2025 నుంచి జర్మన్ ఎంబసీలు, కాన్సులేట్లు నేషనల్ వీసాకి ఆన్‌లైన్ పోర్టల్ పెట్టాయి. కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్ అంటారు. అకౌంట్ తెరిచి, ఏ వీసా కావాలో ఎంచుకుని, ప్రశ్నలకి జవాబులు రాసి, పేపర్లు అప్‌లోడ్ చేయాలి. ఏదైనా తక్కువైతే వాళ్లే పోర్టల్‌లో మెసేజ్ పెడతారు. అకౌంట్‌కీ, అప్‌లోడ్‌కీ ఏ ఫీజూ లేదు. డబ్బు కట్టేది వేలిముద్రలు ఇవ్వడానికి మీరు స్వయంగా వెళ్లిన రోజునే.

ఆ రోజు కట్టేది రెండు రకాలు. ఒకటి 75 యూరోల వీసా ఫీజు, రూపాయల్లో తీసుకుంటారు. ఏ రేటుకి మార్చాలో ఎంబసీ నిర్ణయిస్తుంది కాబట్టి మీ ఫ్రెండ్ ఆరు నెలల కిందట కట్టిన అంకెకీ మీదానికీ కొంచెం తేడా రావచ్చు, అందులో మోసం ఏమీ లేదు. రెండోది వీఎఫ్ఎస్, అంటే ఎంబసీ తరఫున వీసా అప్లికేషన్లు తీసుకునే ప్రైవేట్ కంపెనీ, వాళ్ల సర్వీస్ చార్జ్, అది ప్రభుత్వ ఫీజు కాదు, విడిగా రసీదు మీద కనిపిస్తుంది. ఎస్ఎంఎస్, కొరియర్, ప్రీమియం లాంజ్ లాంటివి అడుగుతారు, అవన్నీ మీ ఇష్టం. వద్దంటే వద్దు, వీసా నిర్ణయానికి వాటితో ఏ సంబంధమూ లేదు.

టూరిస్ట్ వీసాకి 2024 జూన్ నుంచి 90 యూరోలు అయ్యింది, ఆ వార్త చూసి చాలామంది వర్క్ వీసాకి కూడా 90 అనుకుంటున్నారు. అది షెంగెన్ షార్ట్ స్టే వీసా. మీరు తీసుకునేది నేషనల్ వీసా, డి వీసా, దానికి 75.

అపాయింట్‌మెంట్‌కి డబ్బు ఉండదు. స్లాట్ ఇప్పిస్తాం, ఐదు వేలు ఇవ్వండి, పది వేలు ఇవ్వండి అనేవాళ్లు టెలిగ్రామ్‌లో ఎప్పుడూ ఉంటారు. అపాయింట్‌మెంట్ ఉచితమని జర్మన్ ఎంబసీ వాళ్లే చెప్తున్నారు. ఇంకొకరి చేతికి మీ పాస్‌పోర్ట్ నంబర్, లాగిన్ ఇవ్వడం డబ్బు పోవడం కంటే పెద్ద ప్రమాదం.

బ్లూ కార్డ్‌కి అవసరం లేనివి కూడా చెప్తాను, ఎందుకంటే స్టూడెంట్ వీసా చెక్‌లిస్ట్‌నీ వర్క్ వీసా చెక్‌లిస్ట్‌నీ కలిపేసి డబ్బు వసూలు చేయడం మన దగ్గర చాలా మామూలైపోయింది. ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేది, దాని ఫీజు 18,000 రూపాయలు, అది చదువుకోవడానికి వెళ్లేవాళ్లకి. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలు కూడా స్టూడెంట్లకే, పైగా అది ఫీజు కాదు, మీ డబ్బే నెల నెలా మీకు తిరిగి వస్తుంది. ఉద్యోగం కాంట్రాక్ట్ చేతిలో ఉన్నవాళ్లకి ఈ రెండూ అక్కర్లేదు. అపోస్టిల్ గురించి, అంటే సర్టిఫికెట్ అసలైనదేనని విదేశాల కోసం వేయించే ప్రభుత్వ ముద్ర గురించి, కూడా అడుగుతుంటారు. భారత్, జర్మనీల మధ్య అపోస్టిల్ ఒప్పందం అమల్లో లేదు, కాబట్టి ఎవరో చెప్పారని అన్ని సర్టిఫికెట్లకీ ముందే అపోస్టిల్ చేయించకండి, పోర్టల్‌లోని చెక్‌లిస్ట్ ఏది అడిగితే అదే ఇవ్వండి.

ఏజెంట్ కొటేషన్‌ని ఎలా చదవాలి

మొన్న నెల్లూరు నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫోటో పంపాడు. "అన్నా, ఇదంతా గవర్నమెంట్ ఫీజేనా?" అని అడిగాడు. ఏ కన్సల్టెన్సీ అన్నది ఇక్కడ అనవసరం. మొత్తం రెండు లక్షల చిల్లర ఉంది. అందులో 'ఎంబసీ ఫీజు', 'జర్మన్ గవర్నమెంట్ ప్రాసెసింగ్ ఫీజు', 'డాక్యుమెంట్ ఎవాల్యుయేషన్', 'ఫైల్ చార్జెస్' అని నాలుగు లైన్లు ఉన్నాయి, ఏ లైన్‌లోనూ యూరోల్లో అంకె లేదు, ఏ ఆఫీసుకి కడతారో లేదు.

ఆ కాగితాన్ని ఇద్దరం ఫోన్‌లో ఇలా చదివాం. ఎంబసీ ఫీజు అంటే 75 యూరోలు, సరే, కానీ అది అతను వెళ్లిన రోజు అతనే కడతాడు, ముందే ఏజెంట్‌కి ఇవ్వాల్సిన పని లేదు. జర్మన్ గవర్నమెంట్ ప్రాసెసింగ్ ఫీజు అంటే ఏమిటి? కార్డ్ ఫీజు 100 యూరోలైతే అది జర్మనీలో, అతని చేతులతో, అక్కడి ఆఫీసులో కట్టేది. ఇండియాలో ఉన్న ఎవరూ అతని తరఫున దాన్ని ముందే కట్టలేరు. ఎవాల్యుయేషన్‌కి 208, అదీ అనాబిన్‌లో లేకపోతేనే. అతని యూనివర్సిటీ, డిగ్రీ రెండూ అనాబిన్‌లో సరిగ్గానే ఉన్నాయి, అంటే ఆ లైన్ మొత్తం కొట్టేయొచ్చు. మిగిలింది ఫైల్ చార్జెస్, అది ఏజెంట్ తన పనికి అడిగే డబ్బు. ఫారాలు నింపడానికి సాయం కావాలనుకుంటే ఇవ్వొచ్చు, తప్పు లేదు, కానీ దాన్ని ప్రభుత్వ ఫీజు అని పిలవకూడదు.

ఉద్యోగం కూడా వాళ్లే చూపించామంటే విషయం వేరు. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంట్లు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి, వాళ్లు ఉద్యోగి దగ్గర తీసుకోగలిగే సర్వీస్ చార్జ్‌కి 30,000 రూపాయలు ప్లస్ జీఎస్‌టీ అని పరిమితి ఉంది. రిజిస్టర్ అయ్యారో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. నర్సులకి ఇంకా గట్టి రక్షణ ఉంది. విదేశాల నుంచి నర్సుల్ని న్యాయంగా తెచ్చుకునే సంస్థలకి జర్మన్ ప్రభుత్వం ఒక క్వాలిటీ సీల్ ఇస్తుంది, దాని ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు యజమానే భరించాలి, నర్సు దగ్గర తీసుకోకూడదు. తెలంగాణ వాళ్లయితే ముందు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ని సంప్రదించండి, జర్మనీకి నర్సులని పంపే కార్యక్రమాలు వాళ్లు నడుపుతున్నారు. నర్సులు బ్లూ కార్డ్‌తో కాకుండా, తమ క్వాలిఫికేషన్‌కి అక్కడ గుర్తింపు తెచ్చుకునే పర్మిట్‌తో వెళ్తారు, అయినా వీసా 75, పర్మిట్ 100 అన్నది వాళ్లకీ అదే. గుర్తింపు ఫీజు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కంపెనీ కట్టే 411 యూరోలు

కొన్ని కంపెనీలు ఫాస్ట్ ట్రాక్ పెడతాయి. రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81ఏ. మీరు కంపెనీకి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు, కంపెనీ అక్కడి ఫారినర్స్ ఆఫీసుతో, అంటే విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసుతో, ఒప్పందం చేసుకుని 411 యూరోలు కడుతుంది, ఆ ఆఫీస్ పేపర్లన్నీ ముందే చూసి ముందస్తు అనుమతి ఇస్తుంది. ఆ కాగితం మీకు చేరాక మూడు వారాల్లోపు వీసా అపాయింట్‌మెంట్, పూర్తి అప్లికేషన్ ఇచ్చాక ఇంకో మూడు వారాల్లోపు నిర్ణయం రావాలి. 75 యూరోల వీసా ఫీజు దీనిలో కలవదు, అది మళ్లీ కట్టాలి.

ఇది మొదలుపెట్టగలిగేది కంపెనీ మాత్రమే. మీరు సొంతంగా కొనుక్కునే సర్వీస్ కాదు, కాబట్టి ఇండియాలో ఎవరైనా "ఫాస్ట్ ట్రాక్ ఫీజు" అడిగితే నమ్మకండి. కంపెనీ ఒప్పుకుంటే ఇంకో విషయం వెంటనే చెప్పండి: భార్య లేదా భర్త, పిల్లలు కూడా మీతోనో, కొద్ది కాలంలోనో వస్తారని. వాళ్లని కూడా అదే ప్రొసీజర్‌లో చేర్చవచ్చు, ఇంకో 411 కట్టక్కర్లేదు. హెచ్ఆర్ వాళ్లకి చాలాసార్లు ఇది గుర్తుండదు, మీరే అడగాలి.

జర్మనీలో దిగాక

డి వీసాతో దిగిన రోజు నుంచే పని మొదలుపెట్టొచ్చు, కార్డ్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఇల్లు దొరికాక రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్, చేయించాలి. దీనికి ఇంటి యజమాని సంతకం పెట్టిన ఫారం కావాలి. తర్వాత ఫారినర్స్ ఆఫీసు టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, వెంటనే అప్లై చేయండి. బెర్లిన్‌లో ఎల్ఈఏ, మ్యూనిక్‌లో కేవీఆర్, ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు, పెద్ద నగరాల్లో టెర్మిన్‌కి నెలలు పడుతుంది. వీసా అయిపోయే తేదీకి ముందే అప్లికేషన్ పెట్టినట్టు రుజువు ఉండాలి, ఆటో రిప్లై మెయిల్ అయినా సేవ్ చేసుకోండి. ముందే పెడితే నిర్ణయం వచ్చేవరకు మీ హక్కులు అలాగే కొనసాగుతాయి. కంపెనీకో బ్యాంకుకో చూపించడానికి కాగితం కావాలంటే ఫిక్షన్ సర్టిఫికెట్ ఇస్తారు, దానికి 13 యూరోలు.

టెర్మిన్ రోజున ఆఫీసులో జరిగేది సాధారణంగా ఇలా ఉంటుంది. స్క్రీన్ మీద నంబర్ వస్తే గదిలోకి వెళ్తారు. పాస్‌పోర్ట్, కాంట్రాక్ట్, పే స్లిప్‌లు, ఇన్సూరెన్స్ కాగితం, అడ్రస్ కాగితం చూస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. తర్వాత అక్కడి ఆఫీసర్ ఒక చీటీ లేదా చిన్న కార్డ్ ఇచ్చి బయట వరండాలో ఉన్న మెషీన్‌లో కట్టి రమ్మంటారు. మెషీన్‌లో ఆ చీటీ పెడితే స్క్రీన్ మీద 100,00 అని కనిపిస్తుంది. అది పది వేలు కాదు, జర్మనీలో దశాంశానికి కామా పెడతారు. కార్డ్‌తో కట్టి, బయటికొచ్చిన రసీదు మళ్లీ గదిలో చూపిస్తే ఫైల్ మూసేస్తారు. కొన్ని ఆఫీసుల్లో క్యాష్ తీసుకోరు, కొన్నిచోట్ల విదేశీ కార్డ్ పనిచేయదు, అందుకే టెర్మిన్ లెటర్‌లో ఎలా కట్టాలో ఏం రాశారో చదివి, మీ జర్మన్ బ్యాంక్ కార్డ్‌తో పాటు కొంచెం నగదు కూడా ఉంచుకోండి.

ఫోటోకి కొత్త పద్ధతి వచ్చింది. 2025 మే నుంచి ప్రింట్ ఫోటో బదులు డిజిటల్ ఫోటోనే. ఆఫీసులో ఉన్న మెషీన్‌లో తీయించుకుంటే 6 యూరోలు. లేదా అనుమతి ఉన్న స్టూడియోలో తీయించుకుని వాళ్లిచ్చే కోడ్ తీసుకెళ్లాలి, అది కొంచెం ఎక్కువ పడుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోటోలు ఇక్కడ పనికిరావు.

కార్డ్ బెర్లిన్‌లోని ఫెడరల్ ప్రింటింగ్ ప్రెస్‌లో తయారవుతుంది, చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. వీసా రసీదు, కార్డ్ రసీదు, డిగ్రీ పరిశీలన ఇన్వాయిస్ అన్నీ స్కాన్ చేసి హెచ్ఆర్‌కి పంపండి. రీలొకేషన్ అని కాంట్రాక్ట్‌లో విడిగా రాయకపోయినా వీటిని తిరిగి ఇచ్చే కంపెనీలు చాలానే ఉన్నాయి, మర్యాదగా ఒక మెయిల్ రాస్తే సరిపోతుంది.

పాస్‌పోర్ట్ గడువు చూసుకోండి

దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. బ్లూ కార్డ్ గరిష్ఠంగా నాలుగేళ్లకి ఇస్తారు, కాంట్రాక్ట్ అంతకంటే తక్కువ కాలానికి ఉంటే కాంట్రాక్ట్ గడువుకి మూడు నెలలు కలిపి ఇస్తారు. కానీ పాస్‌పోర్ట్ ఎప్పటివరకు ఉందో అంతకు మించి కార్డ్ రాదు. మీ పాస్‌పోర్ట్ ఇంకో ఏడాదిన్నరలో అయిపోతుంటే కార్డ్ కూడా ఏడాదిన్నరకే వస్తుంది, ఆ తర్వాత కొత్త పాస్‌పోర్ట్‌తో మళ్లీ టెర్మిన్, మళ్లీ ఫీజు. పొడిగింపు అయితే 93 యూరోలు. కేవలం పాస్‌పోర్ట్ మారిందనో కార్డ్ పోయిందనో కొత్త కార్డ్ వేయించుకుంటే 67. డబ్బు కంటే, పెద్ద నగరంలో ఇంకో టెర్మిన్ కోసం పడే ఎదురుచూపు ఎక్కువ బాధ. రెండేళ్లలోపు పాస్‌పోర్ట్ అయిపోయేలా ఉంటే వీసాకి అప్లై చేసే ముందే ఇండియాలో రెన్యూ చేయించండి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతి, ఎక్కడైనా మీ దగ్గర్లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఆ పని త్వరగానే అవుతుంది.

భార్య లేదా భర్త, పిల్లలు

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి దాదాపు అన్నీ సగమే. వీసాకి 37 యూరోల 50 సెంట్లు, రెసిడెన్స్ కార్డ్‌కి 50. భార్య లేదా భర్తకి పూర్తి ఫీజు, 75, 100. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పాప అనుకుంటే వీసాలకి 187 యూరోల 50, కార్డ్‌లకి 250, మొత్తం 437 యూరోల 50 సెంట్లు. ఇంటిల్లిపాదికీ ఇంతే, నలభై నాలుగు వేల రూపాయల దగ్గర.

బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్యకి లేదా భర్తకి ముందే జర్మన్ ఏ1, అంటే భాషలో మొట్టమొదటి స్థాయి, పరీక్ష పాసవ్వాలన్న షరతు లేదు, కార్డ్ వచ్చాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. కాబట్టి "ఏ1 లేకపోతే వీసా రాదు" అని కోర్స్ ప్యాకేజీ అమ్మేవాళ్ల మాట పట్టించుకోకండి. భాష నేర్చుకోవడం మంచిదే, తప్పకుండా నేర్చుకోండి, కానీ మీ వీలు చూసుకుని నేర్చుకోండి, భయంతో కాదు. పెళ్లి సర్టిఫికెట్ మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయ్యిందే కావాలి, గుడిలో ఇచ్చిన కాగితం ఒక్కటే చాలదు. అందులో పేర్ల స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం మన వాళ్లలో చాలా ఎక్కువ, ఫీజు కట్టే ముందే సరిచేయించుకోండి.

వీసా రిజెక్ట్ అయితే

75 యూరోలు తిరిగి రావు. ఆ ఫీజు అప్లికేషన్ పరిశీలించడానికి, వీసా ఇవ్వడానికి కాదు. ఇదివరకు రిమాన్‌స్ట్రేషన్ అని ఉచితంగా అభ్యంతరం రాసుకునే వీలుండేది, 2025 జూలై 1 నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు మిగిలిన దారులు రెండు, కారణం సరిచేసుకుని మళ్లీ ఫీజు కట్టి కొత్తగా అప్లై చేయడం, లేదా బెర్లిన్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో కేసు వేయడం. కోర్టు, లాయర్ ఖర్చు వీసా ఫీజుతో పోలిస్తే చాలా ఎక్కువ కాబట్టి, పేపర్ తక్కువైందన్న లాంటి కారణమైతే కొత్త అప్లికేషన్ పెట్టడమే మేలు. అందుకే పోర్టల్‌లో వాళ్లు మెసేజ్ పెట్టి ఏదైనా అడిగినప్పుడు, గడువులోపు పూర్తిగా జవాబివ్వడం అన్నిటికంటే ముఖ్యం. ఆ మెయిల్ స్పామ్‌లోకి కూడా పోతుంది, రోజూ ఒకసారి చూడండి.

పీఆర్ దాకా

ఇప్పటికే జర్మనీలో మాస్టర్స్ చేసి, స్టూడెంట్ పర్మిట్ నుంచి లేదా జాబ్ సీకర్ పర్మిట్ నుంచి బ్లూ కార్డ్‌కి మారేవాళ్లు ఇండియాకి వెళ్లి వీసా తీసుకోవాల్సిన పని లేదు. 75 యూరోలు ఉండదు, అక్కడే ఫారినర్స్ ఆఫీసులో కార్డ్ ఫీజు, 100 దాటదు.

బ్లూ కార్డ్‌తో పని చేస్తూ పెన్షన్ కాంట్రిబ్యూషన్ కడుతుంటే, జర్మన్ భాషలో బీ1, అంటే మధ్య స్థాయి, ఉన్నవాళ్లకి 21 నెలలకి, ఏ1 ఉన్నవాళ్లకి 27 నెలలకి సెటిల్‌మెంట్ పర్మిట్, మనవాళ్లు పీఆర్ అనేది, వస్తుంది. ఫీజు 113 యూరోలు. కొన్ని వెబ్‌సైట్లలో 147 అని ఉంటుంది, అది చాలా ఉన్నత స్థాయి శాస్త్రవేత్తలు, ప్రొఫెసర్ల లాంటి వాళ్లకున్న వేరే దారి, బ్లూ కార్డ్ వాళ్లకి 113. దీనికి ముందు 'లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్' అనే పరీక్ష రాయాలి, ఫీజు 25 యూరోలు, 33 ప్రశ్నల్లో 15 సరిగ్గా రాస్తే పీఆర్‌కి సరిపోతుంది. ప్రశ్నలన్నీ ముందే ఆన్‌లైన్‌లో ఉంటాయి. బీ1 పరీక్ష ఫీజు ప్రభుత్వానిది కాదు, గోథె, టెల్క్ లాంటి సంస్థలది, వాళ్ల రేట్లు వేర్వేరుగా ఉంటాయి, రెండు మూడు సెంటర్లు చూసి కట్టండి.

పీఆర్‌కి గడువు లేదు, కానీ చేతిలో ఉన్న ప్లాస్టిక్ కార్డ్‌కి గడువు ఉంటుంది, అది పాస్‌పోర్ట్‌తో పాటు అయిపోతుంది. కొత్త పాస్‌పోర్ట్ రాగానే కొత్త కార్డ్‌కి అప్లై చేయండి, అప్పుడు కట్టేది 67 యూరోలు. పాత కార్డ్ గడువు తీరినంత మాత్రాన మీ పీఆర్ పోదు, కానీ సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు శంషాబాద్ కౌంటర్‌లో ఆ విషయం వివరించుకుంటూ నిలబడే పరిస్థితి రాకుండా, టికెట్ బుక్ చేసే ముందే కార్డ్ వెనకా ముందూ తేదీలు చూసుకోండి.